అన్వేషక బావి ఫలితాల నుంచి చమురు షేల్ మందాన్ని అంచనా కట్టే విధానం: ఒక సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో ఉండి షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన, పలుచని రేకులుగా విడిపోయే రాయి) గురించి బోధించేవారికి ఒక ఇబ్బంది తప్పదు. కైలాసగిరి ఎక్కినా, డాల్ఫిన్స్ నోస్ మీద నిలబడినా, సింహాచలం మెట్లు ఎక్కినా మన కాళ్ల కింద ఉండేవి ఖోండలైట్, చార్నొకైట్ వంటి తూర్పు కనుమల కఠిన శిలలే. విద్యార్థి చేతిలో పెట్టి చూపించడానికి ఇక్కడ ఒక్క షేల్ పలుకు కూడా దొరకదు. దాని కోసం నైరుతి దిశగా గోదావరి జిల్లాలకు, కృష్ణా–గోదావరి బేసిన్‌కు వెళ్లాలి. అయినా ఆ బేసిన్‌కు సంబంధించిన చదువు ఈ నగరంలోనూ సాగుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞానం చదివేవారూ, 2016లో ఇక్కడ ఏర్పాటైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీలో చదివేవారూ బావి లాగ్‌లను (బావిలోకి పరికరాలు దించి లోతు వెంట తీసిన కొలతల వక్రాలను) ముందు పరుచుకుని తరచుగా ఒకే ప్రశ్న వేస్తారు: "ఈ షేల్ మందం ఎంతండీ?" ఆ ప్రశ్నకు నేను చెప్పే మొదటి జవాబు ఎప్పుడూ మరో ప్రశ్నే: "ఏ మందం?"

ఈ వ్యాసమంతా ఆ ఎదురు ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఒకే బావిలో, ఒకే షేల్ పొరకు నాలుగు వేర్వేరు మందాలు చెప్పవచ్చు, నాలుగూ సరైనవే కావచ్చు. ఏది చెబుతున్నామో రాయకుండా అంకె మాత్రమే రాస్తే, ఆ అంకెను తీసుకుని నిల్వలు లెక్కకట్టేవారు తప్పుదారి పడతారు.

ముందుగా పదాల స్పష్టత

"చమురు షేల్" అనే మాటను రెండు వేర్వేరు రాళ్లకు వాడుతున్నారు. మొదటిది కెరోజన్ అనే ఘన సేంద్రియ పదార్థం దండిగా ఉన్నా, భూగర్భ వేడిమి చాలక ఇంకా చమురుగా మారని రాయి. దీన్ని తవ్వి తీసి, గాలి తగలకుండా సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తేనే చమురు వస్తుంది. ఎస్టోనియాలోని కుకర్సైట్, అమెరికాలోని గ్రీన్ రివర్ నిక్షేపాలు ఈ కోవకు చెందినవి. రెండవది ఆ పరిణామం భూమిలోనే జరిగిపోయి, పుట్టిన చమురులో కొంత బయటకు పోకుండా తనలోనే నిలుపుకున్న షేల్. కృష్ణా–గోదావరి బేసిన్‌లో క్రెటేషియస్ తొలి కాలానికి చెందిన రాఘవాపురం షేల్ గురించి మాట్లాడేటప్పుడు మన దృష్టి ఈ రెండవ కోవ మీదే ఉంటుంది. మొదటి కోవలో నికర మందాన్ని ఫిషర్ పరీక్షలో టన్నుకు వచ్చే చమురు పరిమాణాన్ని బట్టి నిర్ణయిస్తారు. రెండవ కోవలో సేంద్రియ కర్బనం, పరిపక్వత (భూగర్భ వేడికి కెరోజన్ ఎంతవరకు మారిందన్నది), రాతిలో స్వేచ్ఛగా ఉన్న చమురు అనే మూడింటినీ కలిపి చూడాలి. కొలిచే పద్ధతి చాలావరకు రెండింటికీ ఒకటే కనుక, ఈ వ్యాసంలో రెండవ దానినే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

మొదటి మెట్టు: నాలుగు మందాలను వేరు చేయడం

బావి వెంట కొలిచిన పొడవు మొదటిది. పొర పైఅంచును బావి ఏ లోతులో తాకిందో, అడుగు అంచును ఏ లోతులో దాటిందో చూసి తీసివేస్తే ఇది వస్తుంది. రెండవది నిలువు లోతుల తేడా, అంటే ఆ రెండు బిందువుల మధ్య నిట్టనిలువుగా ఉన్న దూరం. మూడవది నిజమైన నిలువు మందం, అంటే ఒకే బిందువు నుంచి తూనికగుండు దారం కిందికి వదిలితే పొరలో ఎంత దూరం ప్రయాణిస్తుందో అది. నాలుగవది నిజమైన స్తర మందం, అంటే పొర ఉపరితలానికి లంబంగా కొలిచిన దూరం. భూవిజ్ఞానపరంగా పొర అసలు మందం ఇదే.

బావి నిట్టనిలువుగా ఉండి, పొర పూర్తిగా చదునుగా ఉంటే నాలుగూ ఒకటే అవుతాయి. అలాంటి బావి నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

చాలామంది రెండవదానినీ మూడవదానినీ ఒకటిగా భావిస్తారు. ఏటవాలు బావి పొరలో ప్రవేశించిన చోటు ఒకటి, బయటపడిన చోటు మరొకటి. ఆ రెండింటి నడుమ పొర కూడా ఎంతో కొంత దిగుతుంది లేదా లేస్తుంది. అందుకే లోతుల తేడా ఆ పొర నిలువు మందం కాదు.

రెండవ మెట్టు: లోతు ఎక్కడి నుంచి?

రిగ్గు మీద లోతులన్నీ రోటరీ టేబుల్ నుంచో, కెల్లీ బుషింగ్ నుంచో (రెండూ తవ్వే పైపును తిప్పే భాగాలే) లెక్కిస్తారు. అవి నేల మట్టానికి కొన్ని మీటర్లు పైన ఉంటాయి. ఒకే బావిలో ఈ తేడా మందాన్ని మార్చదు గానీ, రెండు బావులను పోల్చేటప్పుడూ పటం గీసేటప్పుడూ లోతులన్నింటినీ సగటు సముద్ర మట్టానికి మార్చకపోతే పొరల ఎత్తుపల్లాలన్నీ తారుమారవుతాయి.

ఇంతకంటే ముఖ్యమైనది డ్రిల్లర్ లోతుకూ లాగర్ లోతుకూ మధ్య తేడా. డ్రిల్లర్ లోతు బావిలోకి దించిన పైపుల పొడవుల మొత్తం. లాగర్ లోతు కొలత పరికరాన్ని దించిన కేబుల్ పొడవు. పైపు తన బరువుకు సాగుతుంది, కేబుల్ కూడా సాగుతుంది, కానీ రెండూ ఒకేలా సాగవు. అందువల్ల రెండు లెక్కల మధ్య కొన్ని మీటర్ల తేడా ఉండడం మామూలే. ఏదో ఒకదాన్ని ప్రమాణంగా ఎంచుకుని దానికే కట్టుబడాలి. మందం అంచనాకు లాగర్ లోతునే తీసుకోవాలని నా సలహా. పైఅంచును కటింగ్స్ (తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతి ముక్కలు) నుంచీ అడుగు అంచును లాగ్ నుంచీ తీసుకుని మందం రాసిన నివేదికలను నేను చూశాను. అలా చేస్తే లోతుల తేడా అంతా మందంలోకి చేరిపోతుంది.

మూడవ మెట్టు: కటింగ్స్‌ను చదవడం

బిట్ (తవ్వే మొన) కోసిన రాతి ముక్కలు మడ్‌తో (తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద ద్రవంతో) పాటు పైకి వస్తాయి. షేల్ షేకర్ జల్లెడ దగ్గర వాటిని పట్టి, కడిగి, ట్రేలో పరిచి, సూక్ష్మదర్శిని కిందా అతినీలలోహిత దీపం కిందా పరిశీలిస్తాం. సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న షేల్ ముక్క ముదురు గోధుమ నుంచి నలుపు రంగు వరకు ఉంటుంది, గోటితో గీస్తే గోధుమ రంగు గీత పడుతుంది, పలుచని రేకులుగా విడిపోతుంది. కాల్షియం కార్బొనేట్ ఉంటే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కకు బుడగలు వస్తాయి. చమురు ఉంటే దీపం కింద మెరుస్తుంది, ద్రావణి చుక్క వేస్తే మెరుపు పొగలా విచ్చుకుంటుంది. అయితే కాల్సైట్ కూడా మెరుస్తుంది, పైపు జాయింట్లకు పూసే గ్రీజూ మెరుస్తుంది, మడ్‌లో డీజిల్ కలిపి ఉంటే ట్రే అంతా మెరుస్తుంది. మెరుపును చూసి సంబరపడే ముందు మడ్‌లో ఏమేమి కలిపారో అడిగి రాసుకోవాలి.

ఇక అసలు చిక్కు ముక్క ఏ లోతుదో తెలుసుకోవడంలో ఉంది. బిట్ దగ్గర కోసిన ముక్క పైకి రావడానికి పట్టే సమయాన్ని ల్యాగ్ అంటాం. ఒక లెక్క చూడండి. బావి వ్యాసం 215.9 మిల్లీమీటర్లు, డ్రిల్ పైపు వ్యాసం 127 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండింటి మధ్య ఖాళీ ప్రతి మీటరుకు దాదాపు 23.9 లీటర్లు. లోతు 2,400 మీటర్లయితే ఆ ఖాళీ మొత్తం సుమారు 57.5 ఘనపు మీటర్లు. పంపు నిమిషానికి 1.8 ఘనపు మీటర్లు తోడితే ముక్క పైకి రావడానికి 32 నిమిషాలు పడుతుంది. ఆ 32 నిమిషాల్లో, గంటకు 9 మీటర్ల వేగంతో తవ్వుతున్న బిట్ 4.8 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. అంటే ఇప్పుడు మీ ట్రేలో ఉన్న ముక్క ఇప్పటి బిట్ లోతుది కాదు, దానికి 4.8 మీటర్ల పైది.

ఈ లెక్క బావి గోడలు చెక్కుచెదరలేదన్న నమ్మకం మీద ఆధారపడి ఉంది. షేల్ విషయంలో ఆ నమ్మకం నిలవదు. గోడలు రాలి బావి వెడల్పవుతుంది, ఖాళీ పెరుగుతుంది, ల్యాగ్ కూడా పెరుగుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి డెల్టాలోని ఒక బావి మీద రాత్రి విధుల్లో ఉన్నప్పుడు, కాగితం మీది ల్యాగ్‌నే నమ్మి షేల్ పైఅంచు లోతును నమోదు చేశాను. లాగ్‌లు తీశాక చూస్తే పైఅంచు నేను రాసినదానికి ఆరు మీటర్ల పైన ఉంది. గోడలు రాలి ల్యాగ్ పెరిగింది, నేను దాన్ని సరిచూడలేదు. ఆ ఆరు మీటర్ల వల్ల కోర్ తీయడం ఆలస్యమైంది. షేల్ పైభాగం, అంటే అందరికీ కావలసిన భాగం, కోర్‌లోకి రానే లేదు. ఆ తరువాత నేను పని చేసిన ప్రతి బావిలోనూ ప్రతి షిఫ్టులో ఒకసారి ల్యాగ్ సరిచూశాను. కాల్షియం కార్బైడ్‌ను పైపులో వేస్తే పుట్టే ఎసిటిలిన్ వాయువును గ్యాస్ డిటెక్టర్ పసిగడుతుంది. గుప్పెడు బియ్యం వేసినా జల్లెడ మీద తెల్లగా కనబడతాయి. ఏది వేసినా అది ముందు పైపులోంచి కిందికి దిగి, తరువాత పైకి వస్తుంది. దిగడానికి పట్టిన సమయాన్ని మొత్తంలోంచి తీసివేయడం మరువకూడదు.

పై గోడల నుంచి రాలిన ముక్కలు కొత్త ముక్కలతో కలుస్తాయి కనుక, కటింగ్స్‌లో ఒక రాయి మొదటిసారి కనబడిన లోతుకు విలువ ఇవ్వాలి గానీ చివరిసారి కనబడిన లోతుకు ఇవ్వకూడదు. కాబట్టి పైఅంచు విషయంలో కటింగ్స్ కొంతవరకు సాక్ష్యం చెబుతాయి, అడుగు అంచు విషయంలో చాలా తక్కువ చెబుతాయి.

నాల్గవ మెట్టు: కోర్

కోర్ అంటే రాతిని ముక్కలు చేయకుండా కడ్డీలా తీసిన నమూనా. మొత్తం పనిలో రాతిని నేరుగా చేత్తో తాకి చూసే అవకాశం ఇక్కడే వస్తుంది. 18 మీటర్లు కోసి 16.2 మీటర్లు బయటకు తెస్తే రికవరీ 90 శాతం. పోయిన 1.8 మీటర్లు ఎక్కడివి? వేరే సాక్ష్యం లేనప్పుడు, పోయినది అడుగు భాగమేనని భావించి రాయడం ఆనవాయితీ. కానీ షేల్‌లో మధ్యలోని మెత్తని రేకులు అరిగిపోయి ఉండవచ్చు. కోర్ పెట్టెల్లో రెండు ముక్కల చివరలు ఒకదానితో ఒకటి అతుకుతున్నాయా లేదా అని ఒక్కొక్క జతనూ చేత్తో కలిపి చూడండి. అతకని చోటే రాయి పోయిన చోటు.

కోర్ లోతు డ్రిల్లర్ లెక్కలో ఉంటుంది. దాన్ని లాగ్ లెక్కకు తీసుకురావడానికి కోర్ మీద గామా కొలత తీసి, బావి గామా లాగ్ పక్కన పెట్టి, శిఖరాలు కలిసేవరకు జరపాలి. ఈ పని పూర్తి కాకముందే కోర్ నమూనాల ప్రయోగశాల ఫలితాలను లాగ్ మీద చుక్కలుగా పెట్టకండి. మీటరున్నర జరిగిన చుక్క సారవంతమైన షేల్‌ను నిస్సారంగానూ, నిస్సారమైనదాన్ని సారవంతంగానూ చూపిస్తుంది.

ఐదవ మెట్టు: లాగ్ మీద అంచులను గుర్తించడం

గామా రే లాగ్ రాతిలోని పొటాషియం, యురేనియం, థోరియం నుంచి వచ్చే సహజ వికిరణాన్ని కొలుస్తుంది. షేల్‌లో ఇది ఎక్కువ, శుభ్రమైన ఇసుకరాయిలోనూ సున్నపురాయిలోనూ తక్కువ. ఆక్సిజన్ లేని నీటి అడుగున పేరుకున్న సేంద్రియ పంకం యురేనియాన్ని పట్టి ఉంచుతుంది కనుక, సారవంతమైన షేల్‌లో గామా మామూలు షేల్‌ను కూడా మించుతుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో పనిచేసేవారు రాఘవాపురం వరుసలోని ఒక భాగాన్ని "అధిక గామా–అధిక రెసిస్టివిటీ షేల్" (రెసిస్టివిటీ అంటే విద్యుత్ నిరోధకత) అని ప్రత్యేకంగా పిలుచుకోవడానికి కారణం ఇదే.

అయితే గామా ఎక్కువగా ఉన్న ప్రతిదీ షేల్ కాదు. భీమిలి తీరంలో అల వెనక్కి వెళ్లాక మిగిలే నల్లని ఇసుక చారలను చూసే ఉంటారు. వాటిలో మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. తూర్పు కనుమల రాళ్లు అరిగి ఏర్పడిన ఇసుకరాళ్లలోనూ ఇలాంటి బరువు ఖనిజాలూ, పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ కూడా ఉండవచ్చు. అలాంటి ఇసుకరాయి గామా లాగ్ మీద షేల్‌లా కనబడుతుంది. యురేనియం, థోరియం, పొటాషియంలను విడివిడిగా చూపే స్పెక్ట్రల్ గామా ఉంటే దాన్ని చూడండి. లేకపోతే న్యూట్రాన్ (రాతిలోని హైడ్రోజన్‌కు స్పందించేది), డెన్సిటీ (రాతి సాంద్రత) వక్రాల మధ్య ఎడం చూడండి. షేల్‌లో అది విశాలంగా ఉంటుంది, ఇసుకరాయిలో మూసుకుపోతుంది.

అంచును వక్రం మార్పు మొదలైన చోటా ముగిసిన చోటా కాక, మార్పులో సగం ఎత్తు వద్ద గుర్తించాలి. పరికరం ఒక బిందువును కాక తన చుట్టూ సుమారు అర మీటరు రాతిని కలిపి కొలుస్తుంది కనుక, పదునైన అంచు కూడా లాగ్ మీద వాలులా కనబడుతుంది. పైనా కిందా ఒకే నియమం పాటించండి. పై అంచును మొదలులోనూ, అడుగు అంచును ముగింపులోనూ పెట్టే అలవాటు చాలామందికి తెలియకుండానే ఉంటుంది. దానివల్ల ప్రతి బావిలోనూ మందం అర మీటరు నుంచి మీటరు వరకు పెరుగుతుంది.

బావి వ్యాసాన్ని చూపే కాలిపర్ లాగ్‌ను ఎప్పుడూ పక్కనే ఉంచుకోండి. బావి వెడల్పైన చోట డెన్సిటీ పరికరం రాతికి బదులు మడ్‌ను కొలిచి, సాంద్రతను తక్కువగా చూపిస్తుంది. సేంద్రియ పదార్థం కూడా సాంద్రతను తగ్గిస్తుంది కనుక, గోడలు రాలిన చోటు సారవంతమైన చోటుగా కనబడే ప్రమాదం ఉంది.

ఆరవ మెట్టు: మొత్తం మందం నుంచి నికర మందానికి

పైఅంచు నుంచి అడుగు అంచు వరకు ఉన్నది మొత్తం మందం. అందులో సిల్టు చారలు, సున్నపు పలకలు, సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న షేల్ అన్నీ ఉంటాయి. చమురుకు పనికివచ్చే భాగాన్ని విడదీస్తే నికర మందం వస్తుంది.

కోర్, కటింగ్స్ నమూనాల మీద, రాతిని క్రమంగా వేడి చేసి వెలువడేదాన్ని కొలిచే రాక్-ఎవాల్ పరీక్ష చేయించాలి. ఇందులో మొదటి శిఖరం రాతిలో ఇప్పటికే స్వేచ్ఛగా ఉన్న హైడ్రోకార్బన్‌లను, రెండవ శిఖరం కెరోజన్ నుంచి ఇంకా పుట్టగల వాటిని, ఆ రెండవ శిఖరం గరిష్ఠమయ్యే ఉష్ణోగ్రత పరిపక్వతను తెలుపుతాయి. సేంద్రియ కర్బనం బరువులో 2 శాతం దాటాలన్నది చాలామంది వాడే కనీస హద్దు. మొదటి శిఖరం విలువను, గ్రాము సేంద్రియ కర్బనానికి ఇన్ని మిల్లీగ్రాములు అన్న లెక్కకు మార్చినప్పుడు అది 100 దాటితే, చమురు కదిలి వచ్చే అవకాశం ఉందని భావిస్తారు. డీజిల్ కలిపిన మడ్ వాడిన బావిలో ఈ మొదటి శిఖరాన్ని నమ్మకూడదు.

నమూనాలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి, లాగ్ మాత్రం ప్రతి 15 సెంటీమీటర్లకూ ఒక విలువ ఇస్తుంది. కనుక నమూనాలతో లాగ్‌ను సరిచేసి, లాగ్‌తో ఖాళీలు నింపాలి. ఇందుకు 1990లో పాసీ, ఆయన సహచరులు ప్రచురించిన డెల్టా లాగ్ ఆర్ పద్ధతి నేటికీ బాగా పనికొస్తుంది. సేంద్రియ పదార్థం లేని షేల్‌లో రెసిస్టివిటీ, సోనిక్ (రాతిలో ధ్వని ప్రయాణ సమయం) వక్రాలను ఒకదానిపై ఒకటి పడేలా పెట్టి, పైకీ కిందికీ చూస్తూ వెళ్లాలి. సారవంతమైన చోట రెండూ విడిపోతాయి. ఆ ఎడాన్ని ఇలా లెక్కిస్తారు:

ఎడం = సంవర్గమానం (ఇక్కడి రెసిస్టివిటీ ÷ ఆధార రెసిస్టివిటీ) + 0.02 × (ఇక్కడి సోనిక్ సమయం − ఆధార సోనిక్ సమయం)

సంవర్గమానం 10 ఆధారంగా తీసుకోవాలి, సోనిక్ సమయం అడుగుకు మైక్రోసెకన్లలో ఉండాలి. ఆధార విలువలు 2 ఓమ్-మీటర్లు, 100 మైక్రోసెకన్లు అనీ, చూస్తున్న చోట 20 ఓమ్-మీటర్లు, 105 మైక్రోసెకన్లు అనీ అనుకుంటే ఎడం 1 + 0.1, అంటే 1.1. సేంద్రియ కర్బన శాతం కోసం ఈ ఎడాన్ని, 10 ని (2.297 − 0.1688 × పరిపక్వతా స్థాయి) ఘాతానికి పెంచగా వచ్చిన సంఖ్యతో గుణించాలి. పరిపక్వతా స్థాయి 10 అయితే కర్బనం సుమారు 4.5 శాతం వస్తుంది. అదే లాగ్, అదే ఎడం, కానీ పరిపక్వతా స్థాయిని 8గా పొరపడితే 9.7 శాతం వస్తుంది. రాతిలో ఏమీ మారలేదు, మన ఊహ మాత్రమే మారింది. అయినా 2 శాతం హద్దును దాటే మీటర్లు అమాంతం పెరిగిపోతాయి. విట్రినైట్ పరావర్తనమో (రాతిలోని విట్రినైట్ అనే సేంద్రియ రేణువులు కాంతిని ఎంత ప్రతిఫలిస్తాయన్న కొలత), రాక్-ఎవాల్ ఉష్ణోగ్రతో లేకుండా పరిపక్వతను ఊహించి నికర మందం చెప్పడం నా దృష్టిలో బాధ్యత లేని పని.

పైరైట్ ఎక్కువగా ఉంటే అది విద్యుత్తును సులభంగా ప్రసరింపజేసి రెసిస్టివిటీని తగ్గిస్తుంది, సాంద్రతను పెంచుతుంది. ఈ రెండు మార్పులూ సారాన్ని దాచేవే. కోర్‌లో పసుపు మెరుపు గింజలు కనబడితే ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఏడవ మెట్టు: వాలు సవరణ

తప్పులు ఎక్కువగా జరిగేదీ, ఎక్కువ మీటర్లు తారుమారయ్యేదీ ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చూద్దాం.

ఒక దళసరి నోటు పుస్తకాన్ని బల్ల మీద ఒకవైపు ఎత్తి వాలుగా పెట్టండి. దానిలోంచి ఒక పొడవాటి సూదిని గుచ్చండి. సూది అట్టకు లంబంగా దిగితే పుస్తకంలో అతి తక్కువ దూరం ప్రయాణిస్తుంది. పుస్తకం వాలిన వైపుకే సూదిని కూడా వాల్చి గుచ్చితే అది కాగితాల వెంట జారుతున్నట్టు చాలా దూరం వెళ్లి గానీ బయటపడదు. సూది బావి, పుస్తకం షేల్. కాగితాల సంఖ్య మారలేదు, కానీ సూది చూపిన మందం మారింది.

సూత్రం ఇది:

స్తర మందం = బావి వెంట పొడవు × [కొసైన్(బావి ఒరుగు) × కొసైన్(పొర వాలు) − సైన్(బావి ఒరుగు) × సైన్(పొర వాలు) × కొసైన్(దిశల తేడా)]

బావి ఒరుగును నిలువు నుంచి, పొర వాలును చదును నుంచి కొలవాలి. దిశల తేడా అంటే బావి వెళ్తున్న దిక్కుకూ పొర దిగుతున్న దిక్కుకూ మధ్య ఉన్న కోణం.

లెక్క నేర్పడానికి నేను కల్పించుకున్న ఒక బావిని తీసుకుందాం. షేల్ పైఅంచు 2,412.5 మీటర్ల వద్ద, అడుగు అంచు 2,498 మీటర్ల వద్ద ఉన్నాయి. బావి వెంట పొడవు 85.5 మీటర్లు. బావి ఒరుగు 20 డిగ్రీలు, పొర వాలు సముద్రం వైపుకు, ఆగ్నేయంగా 8 డిగ్రీలు.

బావి కూడా ఆగ్నేయంగానే వెళ్తుంటే దిశల తేడా సున్నా. సూత్రం 20, 8 కలిపిన 28 డిగ్రీల కొసైన్‌గా కుదించుకుపోతుంది, దాని విలువ 0.883. స్తర మందం 75.5 మీటర్లు. బావి సరిగ్గా ఎదురు దిక్కుకు, వాయవ్యానికి వెళ్తుంటే 12 డిగ్రీల కొసైన్ 0.978 తీసుకోవాలి, మందం 83.6 మీటర్లు. బావి పొర వాలుకు అడ్డంగా, అంటే స్ట్రైక్ వెంట వెళ్తుంటే 79.6 మీటర్లు.

ఇప్పుడు సాధారణంగా జరిగే తప్పు చూడండి. చాలామంది బావి ఒరుగు కొసైన్‌తో ఒకసారి, పొర వాలు కొసైన్‌తో మరొకసారి గుణించి ఊరుకుంటారు. అలా చేస్తే ఎప్పుడూ 79.6 మీటర్లే వస్తుంది. అది స్ట్రైక్ వెంట వెళ్లిన బావికి మాత్రమే సరైన జవాబు. ఆగ్నేయ బావికి అది 4 మీటర్లు ఎక్కువ, వాయవ్య బావికి 4 మీటర్లు తక్కువ. రెండు బావులూ ఒకే రిగ్గు స్థలం నుంచి చెరొక దిక్కుకు తవ్వి ఉంటే, లేని 8 మీటర్ల మార్పు పటం మీదికి ఎక్కుతుంది, లేదా ఉన్న మార్పు కనబడకుండా పోతుంది.

పొర వాలు, దిక్కు ఇమేజ్ లాగ్ (బావి గోడ చిత్రం) నుంచో డిప్‌మీటర్ (పొర వాలును కొలిచే పరికరం) నుంచో తీసుకోవాలి. అవి లేనప్పుడు కనీసం మూడు బావుల్లో ఒకే గుర్తు పొర లోతులను సముద్ర మట్టానికి మార్చి, మూడు బిందువుల నుంచి తలం వాలును లెక్కించవచ్చు. సైస్మిక్ పటం నుంచి కూడా తీసుకోవచ్చు, కానీ తరంగాల ప్రయాణ కాలంలో ఉన్న పటాన్ని లోతుకు మార్చిన తరువాతే. ఈ కోణాలు కాగితం మీద ఎంత చూసినా బుర్రకెక్కవు. నా విద్యార్థులను క్లినోమీటర్ చేతికిచ్చి కైలాసగిరి వైపు రాతి కోతల దగ్గరకు తీసుకువెళ్తాను. ఖోండలైట్‌లో ఉన్నది అవక్షేప పొరలు కాదు, రూపాంతరంలో ఏర్పడిన చారలే. అయినా వాలు, దిక్కు, స్ట్రైక్ కొలవడం నేర్చుకోవడానికి అవి చక్కగా సరిపోతాయి. ఒకే చార తలాన్ని వాలు దిక్కు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూస్తే వాలు ఎలా వేర్వేరుగా కనబడుతుందో ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

నికర మందానికీ ఇదే సవరణ వర్తిస్తుంది. హద్దులు దాటిన భాగాల బావి వెంట పొడవు మొత్తం 52.5 మీటర్లు వచ్చిందనుకుంటే, ఆగ్నేయ బావిలో నికర స్తర మందం 52.5 × 0.883, అంటే 46.4 మీటర్లు. పొర లోపల బావి ఒరుగు మారుతూ ఉంటే మొత్తానికి ఒకే కోణం వాడకుండా, సర్వే బిందువుల మధ్య ముక్కలుగా లెక్కించి కూడాలి.

ఎనిమిదవ మెట్టు: పొర పూర్తిగా ఉందా?

కృష్ణా–గోదావరి బేసిన్ ఈశాన్యం నుంచి నైరుతికి సాగిన ఎత్తుగట్లు, పల్లపు లోయలతో నిండి ఉంది. తణుకు, కైకలూరు హార్స్టులు, గుడివాడ, బంటుమిల్లి గ్రాబెన్‌లు వాటిలో కొన్ని. వీటిని విడదీసేవి సాధారణ భ్రంశాలు (వాలుగా ఉన్న పగులు మీద పై పక్క రాయి కిందికి జారిన చోట్లు). సాధారణ భ్రంశాన్ని బావి దాటితే పొరలో కొంత భాగం ఆ బావిలో కనబడకుండానే పోతుంది. అప్పుడు 40 మీటర్ల కొలత షేల్ అక్కడ పలుచగా పేరుకుందని చెప్పడం లేదు, మిగిలినది భ్రంశం మింగిందని చెబుతోంది.

దీన్ని కనిపెట్టే నమ్మకమైన మార్గం ఒకటుంది. పక్క బావుల లాగ్‌లను పక్కపక్కన పెట్టి, షేల్ లోపలి చిన్న చిన్న గుర్తులను ఒక్కొక్కటిగా జత కలపాలి. ఒక బావిలో ఏడు గామా శిఖరాలు ఉండి, రెండవ బావిలో మూడు, నాలుగు, ఐదు లేకుండా రెండు తరువాత నేరుగా ఆరు వస్తే అక్కడ భ్రంశం ఉంది. శిఖరాలన్నీ ఉండి వాటి మధ్య దూరాలు మాత్రం తగ్గితే, పొర నిజంగానే పలుచబడింది. మొదటి సందర్భంలో ఆ బావి మందాన్ని పటంలో నేరుగా వాడకూడదు. పోయిన భాగాన్ని పక్క బావి నుంచి కలిపి, పునర్నిర్మించిన మందమని స్పష్టంగా రాయాలి.

తొమ్మిదవ మెట్టు: పొరపాటు హద్దు

మన ఉదాహరణ బావిలో పైఅంచు గుర్తింపులో అర మీటరు, నెమ్మదిగా మారే అడుగు అంచులో ఒక మీటరు అనిశ్చితి ఉందనుకుందాం. వర్గాల మొత్తానికి వర్గమూలం తీసుకుని 0.883తో గుణిస్తే దాదాపు 1 మీటరు. పొర వాలులో 3 డిగ్రీల అనిశ్చితి ఉంటే 25 డిగ్రీల కొసైన్‌తో 77.5 మీటర్లు, 31 డిగ్రీల కొసైన్‌తో 73.3 మీటర్లు వస్తాయి, అంటే అటూ ఇటూ 2.1 మీటర్లు. రెండింటినీ కలిపితే 2.3 మీటర్లు. కనుక రాయవలసినది 75.5 ± 2.3 మీటర్లు.

అంచును పది సెంటీమీటర్లు పైకి జరపాలా కిందికి జరపాలా అని గంటలు గంటలు వాదించుకునేవారు పొర వాలును మాత్రం పాత నివేదిక నుంచి యథాతథంగా ఎత్తి రాయడం చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఈ బావిలో అనిశ్చితిలో పెద్ద వాటా వాలుదే. శ్రమ పెట్టవలసిన చోటు కూడా అదే. ఇక నికర మందం అనిశ్చితిని కోణాలతో కాక హద్దులతో పరీక్షించాలి: కర్బనం హద్దు 1.5, 2, 2.5 శాతాలుగా మార్చి మూడు అంకెలూ ఇవ్వండి. ఆ మూడూ దగ్గరదగ్గరగా ఉంటే షేల్ ఏకరీతిగా సారవంతమైనది. బాగా దూరమైతే హద్దు ఎంపికే జవాబును నిర్ణయిస్తోందని చదివేవారికి తెలుస్తుంది.

పదవ మెట్టు: బావుల నుంచి పటానికి

స్తర మందాలతో గీసిన సమాన మందపు గీతల పటాన్ని ఐసోపాక్ అనీ, నిలువు మందాలతో గీసినదాన్ని ఐసోకోర్ అనీ అంటారు. నిల్వల ఘనపరిమాణాన్ని పటం విస్తీర్ణంతో గుణించి కట్టేటప్పుడు వాడవలసినది నిలువు మందం. పేరుకున్న తీరును అర్థం చేసుకోవడానికి కావలసినది స్తర మందం. స్తర మందాన్ని పొర వాలు కొసైన్‌తో భాగిస్తే నిలువు మందం వస్తుంది. మన బావిలో అది 76.2 మీటర్లు. రెండు రకాల అంకెలను ఒకే పటంలో కలపకూడదు.

మందం ఒక్కటే షేల్ విలువను చెప్పదన్న సంగతి కూడా పటం గీసేటప్పుడు గుర్తుండాలి. ఎస్టోనియా తవ్వుకుంటున్న కుకర్సైట్ వరుస మూడు మీటర్ల లోపే, అయినా ఆ దేశపు విద్యుత్తు దశాబ్దాలపాటు దాని మీదే నడిచింది. అందుకే మందం పటం పక్కన సగటు కర్బన శాతం పటాన్నీ పరిపక్వత పటాన్నీ అదే కొలమానంలో పెట్టాలి.

బావుల సమాచారం కోసం 2017లో ప్రారంభమైన నేషనల్ డేటా రిపాజిటరీ ఉంది. పరిశోధన విద్యార్థులు తమ సంస్థ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. అందిన ప్రతి బావికీ పట్టికలో ఒక వరుస కేటాయించి, లోతుకు ఆధార బిందువు, పైఅంచు, అడుగు అంచు, బావి ఒరుగు, దిక్కు, పొర వాలు, దాని దిక్కు, ఆ వాలు ఎక్కడి నుంచి వచ్చిందో, మొత్తం స్తర మందం, నికర స్తర మందం, వాడిన హద్దులు, పొరపాటు హద్దు, భ్రంశం అనుమానం అన్నీ నింపాకే పటం మొదలుపెట్టండి. బావులు తక్కువగా ఉన్నప్పుడు కంప్యూటర్ గీసే నునుపైన గీతలను నేను నమ్మను. మొదటి పటాన్ని పెన్సిలుతో చేత్తో గీయమంటాను. బావుల మధ్య గీత నిండుగా ఉండాలి, చివరి బావి దాటాక చుక్కల గీతగా మారాలి. భ్రంశం ఎదురైన చోట గీతను ఆపి, అవతలి వైపున అక్కడి బావి చెప్పిన మందం నుంచే మళ్లీ మొదలుపెట్టాలి.